మా పాప కూర తింటుందట

మా పాప ఎల్‌కేజీ చదివే రోజుల్లో ఇంట్లో పొద్దున్న వంట నాది. నా భార్య అమీర్‌పేటలో ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది. ఏడింటికల్లా ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కకపోతే ఆమెకు ఆలస్యమవుతుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పోచంపల్లి చీరల కౌంటర్ చూస్తాను. దుకాణం తెరిచేది పదిన్నరకు. అందుకని వంట చేయడం, పాపకు స్నానం చేయించడం, డబ్బా కట్టడం, బడి దగ్గర దించడం అన్నీ నా వంతుకు వచ్చాయి. మా అమ్మ మాతోనే ఉంటుంది. పోచంపల్లి దగ్గరి మా ఊళ్ళో ఏళ్ళ తరబడి నూలుకు ముడులు కట్టీ కట్టీ ఆమె వేళ్ళు వంకర తిరిగాయి. కత్తి పట్టుకుని కూరగాయలు తరగలేదు. వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని ఉప్పు ఎప్పుడు వేయాలో, మూత ఎప్పుడు తీయాలో నాకు చెబుతూ ఉండేది.

వంట నాకు తొందరగానే అబ్బింది. కానీ నేను చేసిన కూర ఏదీ మా పాప తినేది కాదు. తెల్లన్నం, పప్పు మీద తేరుకున్న నీళ్ళు, పెరుగు, గుడ్డు, ఆలుగడ్డ వేపుడు, ఇంతే ఆమె తిండి. కరివేపాకు కనిపిస్తే రెండు వేళ్ళతో తీసి పళ్ళెం అంచున పెట్టేది. ఆ తర్వాత ఆ అంచు వైపు ఉన్న అన్నం కూడా ముట్టేది కాదు. టమాటా తొక్క నాలుకకు తగిలితే నోరు తెరుచుకుని అలాగే కూర్చునేది, ఎవరో ఒకరు వచ్చి తీసేదాకా. ఏడుపు లేదు, గొడవ లేదు. అలా నోరు తెరుచుకుని చూసేది, అంతే.

నేను చేయని ప్రయత్నం లేదు. క్యారెట్ తురిమి చపాతీ పిండిలో కలిపాను. పాలకూర మెత్తగా రుబ్బి దోసెల్లో పోశాను. బీట్‌రూట్ వేసిన ఇడ్లీలకు గులాబీ ఇడ్లీలని పేరు పెట్టాను. ఆమె ఒక ముక్క తుంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇండ్ల ఏదో ఉంది డాడీ" అని పక్కన పెట్టింది. ఫోన్‌లో వీడియోలు చూసి దోసకాయను పువ్వులాగా కోశాను. ఆ పువ్వుతో అరగంట ఆడుకుంది, బొమ్మకు పెట్టింది, తను మాత్రం తినలేదు. బెండకాయ తింటే లెక్కలొస్తాయని మా అమ్మ ఆశ పెట్టింది. ఆ వయసులో లెక్కలు ఎవరికి కావాలి?

ఆ వానాకాలం పాపకు జ్వరం వచ్చింది. దవాఖానలో రక్తపరీక్ష చేసి, ఒంట్లో రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. మందు రాసి, ఆకుకూరలు, కూరగాయలు బాగా పెట్టమంది. ఏం పెడుతున్నారని అడిగితే నేను తడబడ్డాను. రోజూ పొద్దున్నే లేచి కూర వండేది నేనే. తినని కూరను పెడుతున్నట్టా, పెట్టనట్టా? నా భార్య నన్ను చూసింది, నేను నేలను చూశాను. ఆమె చేసే పనే రోజూ ఇలాంటి రక్తపు నమూనాలు చూడటం. సొంత బిడ్డ కాగితం చేతికొచ్చేసరికి మడిచి సంచిలో పెట్టుకుంది, ఇంటికి వచ్చేదాకా మళ్ళీ తెరవలేదు.

మరుసటి ఆదివారం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. తోటకూర పప్పు కలిపిన అన్నం ముద్ద పట్టుకుని గంటసేపు పాప వెనకాల తిరిగాను. చివరికి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎడమచేత్తో బుగ్గలు నొక్కి, ముద్ద నోట్లో పెట్టి మూసి పట్టుకున్నాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. మింగింది. ఒక్క నిమిషం ఆగి, అంతకుముందు తాగిన పాలతో సహా నా చొక్కా మీద కక్కుకుంది. నా భార్య పరుగెత్తుకొచ్చి పాపను లాక్కుంది.

"తినకుంటే తినకపాయె. నోరు వట్టుకొని పెడ్తరా ఎవరన్న?" అంది.

మా అమ్మ కూడా ఆ రోజు నా వైపు మాట్లాడలేదు. ఆ తర్వాత నాలుగైదు రోజులు నేను అన్నం పళ్ళెం తెస్తుంటే చాలు, పాప వెళ్ళి నానమ్మ కొంగు వెనకాల నిలబడేది. అప్పటి నుంచి కూర మాట ఎత్తడం మానేశాను. బడి డబ్బాలో పప్పన్నం, ఒక ఉడికిన గుడ్డు పెట్టి పంపేవాణ్ణి. డబ్బా ఖాళీగా వచ్చేది. అదే చాలనుకున్నాను.

దసరా సెలవుల తర్వాత ఒక శనివారం బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. అది మా కాలనీ వెనక సందులో, మూడంతస్తుల ఇంటిని బడిగా మార్చిన చిన్న స్కూలు. నా భార్యకు సెలవు దొరకక నేనొక్కణ్ణే వెళ్ళాను. పాతిక ముప్పై మందిమి చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. పిల్లల టీచరు అక్షరాల గురించి, గోళ్ళు కత్తిరించడం గురించి చెప్పి, తర్వాత తిండి సంగతికి వచ్చింది. చాలామంది పిల్లలు డబ్బాల్లో బిస్కెట్లు, నూడుల్స్ తెస్తున్నారనీ, కూర పెడితే పారబోస్తున్నారనీ చెప్పింది. చెప్పి నా వైపు చెయ్యి చూపించింది.

"ఈ సార్ వాళ్ళ పాపను చూడండి. వంకాయ తింటది, తోటకూర తింటది, గోకరకాయ గూడ తింటది. క్లాసుల ఇంకెవ్వరూ తినరు. సార్, మీరు ఇంట్ల ఎట్ల అలవాటు చేసిన్రో జర అందరికీ చెప్పండి."

నేను వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని. గోడ ఉంది. టీచరు వేరే పాప అనుకుంటోందని అర్థమై మా పాప పేరు చెప్పాను. అవును, ఆ పాపే అంది. గోకరకాయ, అదే గోరుచిక్కుడు, మా ఇంట్లో వండి ఆరు నెలలైంది. ఆ మాటే చెప్పాల్సింది. కానీ అందరూ నా వైపు తిరిగి ఉన్నారు. ముందు వరసలో ఒకామె పెన్ను, పుస్తకం తీసి రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుంది. నా నోట్లోంచి ఏవో మాటలు వచ్చాయి. ఇంట్లో అందరం కలిసి కింద కూర్చుని తింటామనీ, టీవీ పెట్టమనీ, పాపను ఎప్పుడూ బలవంతం చేయమనీ చెప్పాను. చివరి మాట అంటున్నప్పుడు నా ఎడమచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇంటికి వస్తూ బండి మీద ముందు నిలబడ్డ పాపను అడిగాను, బడిలో కూర తింటున్నావా అని. తింటానంది. ఏం కూర అంటే ఆకుపచ్చ కూర అంది. ఎవరు పెట్టారని అడిగాను. రోడ్డు పక్కన గాలిబుగ్గలు అమ్మేవాణ్ణి చూపించింది. ఇంటికి వచ్చి ఆ రోజు పొద్దున చేసిన బీరకాయ కూర ఒక చెంచా పళ్ళెంలో పెట్టి చూశాను. పళ్ళేన్ని చేత్తో దూరంగా జరిపింది. ఇద్దరు పిల్లలున్నారేమో అనిపించింది నాకు, ఒకరు బడిలో, ఒకరు ఇంట్లో.

నా భార్యకు చెబితే నవ్వింది. టీచరు పిల్లల్ని కలగాపులగం చేసుకుని ఉంటుందంది. మా అమ్మ మాత్రం నవ్వలేదు. బడిలో ఏమన్నా భయం పెట్టి తినిపిస్తున్నారేమో కనుక్కోమంది. ఇంతలో తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో నా సలహాల కోసం మెసేజీలు మొదలయ్యాయి. మా బాబు కాకరకాయ తినడం లేదు, ఏం చేయమంటారు అని ఒకరు. మీరు ఏ నూనె వాడతారు అని ఇంకొకరు. నేను దండం బొమ్మలు పెట్టి ఊరుకునేవాణ్ణి. దాన్ని వినయమనుకున్నారు.

పది రోజులకు ఒక ఆధారం దొరికింది. సాయంత్రం డబ్బా కడుగుతుంటే అడుగున నమిలి పారేసిన మునక్కాయ పిప్పి రెండు ముక్కలు కనిపించాయి. నేను మునక్కాయ పంపలేదు. ఆ వారం అసలు కొననే లేదు. ఆ పిప్పిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. పెద్దవాళ్ళు నమిలినట్టు శుభ్రంగా నమిలి ఉంది, పీచు తప్ప ఏమీ మిగల్లేదు. మా అమ్మకు చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఎవ్వరి కూర తింటున్నదిరా గీ పోరి?" అంది.

మర్నాడు దుకాణంలో రెండు గంటలు అనుమతి తీసుకుని మధ్యాహ్నం బడికి వెళ్ళాను. పాపకు మందు ఇవ్వాలని గేటు దగ్గర చెప్పాను. మరో అబద్ధం. తరగతి గదిలో పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. టీచరు ఒక బాబుకు మూత తీసిపెడుతోంది. మా పాప అక్కడ లేదు. బడి వెనక వైపు మెట్ల కింద నీళ్ళ కుళాయి ఉంది. ఆ మెట్ల మీద ఆయమ్మ కూర్చుని అన్నం తింటోంది. ఒక మెట్టు కింద మా పాప.

ఆయమ్మకు యాభై దాటి ఉంటాయి. పిల్లల్ని బాత్రూముకు తీసుకెళ్ళడం, గదులు ఊడ్వడం, గేటు దగ్గర పిల్లల్ని అప్పజెప్పడం ఆమె పని. రోజూ పొద్దున పాపను నేను అప్పజెప్పేది ఆమెకే. అయినా అప్పటిదాకా ఆమెతో ఒక్క మాట మాట్లాడి ఎరగను. ఆమె ఒళ్ళో సొట్టలు పడిన స్టీలు గిన్నె ఉంది. అందులో అన్నం, వంకాయ మునక్కాయ కూర. తను ఒక ముద్ద తిని, గోడ వైపు చూస్తూ నములుతోంది. మా పాప గిన్నెలో చెయ్యి పెట్టింది. ఆయమ్మ గిన్నెను పక్కకు జరిపింది. పాప ఆ పక్కకు జరిగి మళ్ళీ చెయ్యి పెట్టి వంకాయ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది. ఇంకో ముక్క. ఆయమ్మ పక్కన నేను కట్టిన డబ్బా తెరిచి ఉంది. గుడ్డు సగం కొరికి ఉంది, పప్పన్నం చాలావరకు అయిపోయి ఉంది.

నన్ను చూసి ఆయమ్మ చప్పున లేచింది. చెయ్యి కడుక్కోవాలో, గిన్నె దాచాలో తెలియనట్టు నిలబడింది.

"నేను పెడ్తలేను సార్. ఒద్దంటే ఇంటలేదు. ఆమెనే ఒచ్చి కూసుంటది. నాకేడ సరిపోతదని ఆమె డబ్బ నాకిస్తది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మేడంకు చెప్పకుండ్రి సార్. ఒకరిది ఒకరు తినొద్దని రూలున్నది. నా నౌకరి పోతది" అంది.

నేను ఏం అనాలనుకుని వెళ్ళానో మరిచిపోయాను. బయటివాళ్ళ గిన్నెలో నా బిడ్డ చెయ్యి పెట్టిందని కోపం రావాలా? నేను బతిమాలి, బెదిరించి, నోరు పట్టి చేయలేని పని ఈమె గిన్నె పక్కకు జరిపి చేసినందుకు దండం పెట్టాలా? ఒక మనిషి మధ్యాహ్నం తిండి రోజూ నా కూతురు తింటోందనీ, ఆమె నా చప్పిడి పప్పన్నం తిని సాయంత్రం దాకా పని చేస్తోందనీ సిగ్గుపడాలా? మూడూ ఒకేసారి వచ్చాయి. పాప నన్ను చూసి, "డాడీ, గిది ఆయమ్మది. నీకు లేదు" అంది.

ఎవరికీ చెప్పనని ఆయమ్మకు మాటిచ్చి, ఆ కూర ఎట్లా వండిందని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. అందరు వండినట్టే అంది. ఉల్లిగడ్డ, కారం, చింతపులుసు, కొంచెం నువ్వుల పొడి. వాళ్ళది నల్గొండ వైపు పల్లె. కొడుకు, కోడలు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర పనిచేస్తారట. తను నాగోల్‌లో చెల్లెలి దగ్గర ఉంటూ తెల్లారకముందే వండుకుని వస్తుందట. పాప ఎందుకు తింటోందని అడిగితే, "నాకేం ఎర్క సార్? ఆకలైతుండొచ్చు" అంది.

ఆ ఆదివారం మేమూ అలాగే వండాం. మా అమ్మ నువ్వులు వేయించింది, నేను పులుసు పిండాను. రుచి చూస్తే నాకు మా ఊరు గుర్తొచ్చింది. నా భార్య రెండుసార్లు వడ్డించుకుంది. పాప ముట్టలేదు. మర్నాడు బజారులో అలాంటి స్టీలు గిన్నె వెతికి కొన్నాను. తినలేదు. ఆయమ్మలాగా మా అపార్ట్‌మెంటు మెట్ల మీద కూర్చుని తిన్నాను, గిన్నె పక్కకు జరిపాను కూడా. పాప నా పక్కనే కూర్చుని బొమ్మకు జడ వేసుకుంది. పై ఇంటివాళ్ళు మెట్లు దిగుతూ, ఇంట్లో ఏమైనా జరిగిందా అన్నా అని అడిగారు. ఏమీ లేదని చెప్పి లోపలికి వచ్చాను.

నవంబరులో పెళ్ళిళ్ళ బేరాలు మొదలై దుకాణం కిటకిటలాడుతున్న రోజుల్లో ఒకామె నా కౌంటరు ముందుకు వచ్చి నిలబడింది. చీరలు పరిచాను. ఆమె చీరల వైపు చూడలేదు. సమావేశంలో పుస్తకం తీసి రాసుకున్నది ఆమేనని గుర్తుపట్టాను. గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో ఉంటున్నారు. మా పాప తరగతిలోనే వాళ్ళ బాబు.

"మీరు చెప్పినట్టే అన్నీ చేశామండీ" అంది. "టీవీ తీసేశాం. కింద కూర్చుంటున్నాం. బలవంతం చెయ్యట్లేదు. నెల దాటింది. అంతకుముందు దొండకాయ ఒక్కటైనా తినేవాడు, ఇప్పుడు అదీ మానేశాడు. నాకే పెంచడం చేతకావట్లేదని మా అత్తగారు అందరికీ చెప్తున్నారు. ఇంకా ఏం చెయ్యాలో చెప్పండి, మీరు ఏదో చెప్పకుండా వదిలేసినట్టున్నారు."

ఆమె చేత్తో కళ్ళు ఒత్తుకుంది. నా పక్క కౌంటరు వాళ్ళు చూస్తున్నారు. నా అబద్ధం మరో ఇంట్లోకి వెళ్ళి అక్కడ కూర్చుని ఒకామెను ఏడిపిస్తోందని అప్పటిదాకా నాకు తట్టలేదు. మడతపెడుతున్న చీర వదిలేసి, ఆమెను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి జరిగిందంతా చెప్పాను. సమావేశంలో చెప్పింది ఏదీ నిజం కాదనీ, మా పాప ఇంట్లో కరివేపాకు కూడా తినదనీ, ఒకరోజు నేను నోరు పట్టి తినిపిస్తే కక్కుకుందనీ అన్నీ చెప్పాను. ఆయమ్మ సంగతి ఒక్కటీ దాచి, బడిలో ఎవరి దగ్గరో తింటోందన్నాను.

తిడుతుందనుకున్నాను.

"అయితే మీ పాప కూడా తినదా అండీ?" అంది.

తినదన్నాను. ఆమె మొహం విప్పారింది. కళ్ళు తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగక మెట్టు మీద కూర్చుంది. ఈ మాట మీరు మా అత్తగారికి ఫోన్ చేసి చెప్పాలి అంది. ఆ మాట పట్టుకుని నేను నిజంగానే ఫోన్ చేశాను. ఆ పెద్దావిడ అంతా విని, మీ ఊళ్ళో మగపిల్లలకు వంట ఎవరు నేర్పుతారని అడిగింది. నేను చెప్పిందానికి, ఆవిడ అడిగిందానికి సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. కోడలిని మాత్రం ఆ తర్వాత ఏమీ అనలేదట.

ఒకచోట నిజం చెప్పాక నాకు ధైర్యం వచ్చింది. ఆయమ్మ దగ్గరికి వెళ్ళి, టీచరుకు కూడా చెప్పేస్తాను, మీ తప్పేమీ లేదని నేనే చెప్తాను అన్నాను. ఆమె ఒప్పుకోలేదు, వద్దని కూడా గట్టిగా అనలేదు. మీ ఇష్టం సార్ అంది. నేను దాన్ని ఒప్పుకోవడం కింద తీసుకున్నాను. అది తొందరపాటే. పాప ఏం తిన్నదని అడిగితే ఆయమ్మ చెప్పే కూరలు మా డబ్బాలోవే అని టీచరు ఇన్నాళ్ళూ అనుకుందట. ఆమె మంచిది, ఆయమ్మను ఏమీ అనలేదు, పైవాళ్ళ దాకా వెళ్ళనివ్వలేదు. కానీ భయపడింది. రేపు ఏ బిడ్డకన్నా కడుపునొప్పి వస్తే ఎవరు జవాబు చెప్తారని, పిల్లలు గది దాటి తినకూడదంది. ఆయమ్మ గిన్నె లోపలి గదికి మారింది. మర్నాటి నుంచి మా పాప డబ్బా సగం నిండుగా తిరిగి వచ్చింది. పప్పన్నం కూడా తినడం లేదు. నిజం చెప్పి బాగుచేశానో పాడుచేశానో తెలియని రెండు వారాలు అవి. గేటు దగ్గర పాపను అప్పజెప్పేటప్పుడు ఆయమ్మ నా మొహం చూసేది కాదు.

చివరికి నేను, నా భార్య కలిసి టీచరు దగ్గరికి వెళ్ళాం. ఈసారి మాట్లాడింది నా భార్యే. రక్తపరీక్ష కాగితం ముందు పెట్టింది. కూర మేమే ఇంట్లో వండి పంపుతాం, అది మా పాప ఆయమ్మ దగ్గర కూర్చుని తింటుంది, ఏమైనా అయితే మాదే బాధ్యత అని రాసిచ్చింది. టీచరు కాగితం రెండుసార్లు చదివి ఒప్పుకుంది. ఆయమ్మను ఒప్పించడం ఇంకా కష్టమైంది. మీ వంట నాకెందుకు సార్, నా కూర నాకున్నది అంది. మీరు వండుకునే పని తప్పుతుంది కదా అంటే, వండుకోవడం పనా అని అడిగింది. ఆఖరికి మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నారు, కూర గురించి కాదు, మోకాళ్ళ గురించి. లేచేటప్పుడు ఆయమ్మ సరే అంది.

ఆ తర్వాత రోజూ రెండు డబ్బాలు కట్టాను. ఒకటి పాపది, ఒకటి ఆయమ్మది. ఆయమ్మ నా కూరను తన గిన్నెలో వేసుకుని తినేది. మా పాప అందులోంచి తీసుకుని తినేది. ఇంట్లో ముట్టని బెండకాయ అక్కడ తిన్నది. అదే మూకుడులో మిగిలిన కూర సాయంత్రం పళ్ళెంలో పెడితే, "నాకొద్దు" అనేది. వంట ఒకటే, పొయ్యి ఒకటే, వండింది నేనే. ఇది మధ్యాహ్నం బడిలో నువ్వు తిన్నదే బిడ్డా అంటే నా మాట నమ్మేది కాదు. అది ఆయమ్మ కూరట, ఇది డాడీ కూరట. నేను మూకుడు పట్టుకుని నిలబడి ఆలోచించేవాణ్ణి. బలవంతం లేకపోవడమే కారణమా అంటే, ఇంట్లోనూ బలవంతం మానేసి చాలా రోజులైంది. నేను చేసిన పని ఆమె ఇంకా మరిచిపోలేదేమో అనిపించినప్పుడు మాత్రం మూకుడు కింద పెట్టేసేవాణ్ణి.

వేసవి సెలవులకు ముందు మళ్ళీ రక్తపరీక్ష చేయించాం. కాగితం ముందు నా భార్యే చూసింది. చూసి నా చేతికిచ్చి, దవాఖాన బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. బాగానే ఉంది అంది ఏడుస్తూనే. డాక్టరమ్మ ఏం పెట్టారని అడిగితే చెప్పడం మొదలుపెట్టాను కానీ, కథ బడి మెట్ల దాకా వచ్చేసరికి ఆమె తర్వాతి పేషెంటును పిలిచింది.

ఇప్పుడు పాప ఒకటో తరగతి. ఇంట్లో కూర తింటోంది. అన్నీ కాదు. బెండకాయ, తోటకూర, చిక్కుడుకాయ తింటుంది, సొరకాయ తినదు. వంకాయ నేను చేస్తే తింటుంది, వాళ్ళమ్మ చేస్తే తినదు. ఆయమ్మ అదే బడిలో ఉంది. పాప గదులు మారినా మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి ఆమెకు కనిపించి వస్తుందట. మా అమ్మకూ ఆయమ్మకూ ఫోన్ మాటలు సాగుతూనే ఉన్నాయి.

ఇంట్లో మొదటిసారి ఎప్పుడు తిన్నదో మాత్రం మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. వేసవిలో మా అమ్మ ఊరికి పోయినప్పుడు, నానమ్మ లేదనే బెంగతో నా భార్య పళ్ళెంలోంచి తీసుకుని తిన్నదని నా భార్య అంటుంది. కాదు, తను ఊరి నుంచి వచ్చిన రోజు తన పక్కన కూర్చుని చిక్కుడుకాయ తిన్నదని మా అమ్మ అంటుంది. నాకు గుర్తున్నది వేరు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పేపరు చదువుకుంటూ తింటున్నాను. పక్కన ఏదో కదిలినట్టయింది. చూసేసరికి నా పళ్ళెంలో బెండకాయ ముక్కలు తగ్గినట్టు అనిపించింది. పాప కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది, బుగ్గ కదులుతోంది. అది బెండకాయో, చాక్లెట్టో నేను అడగలేదు. అడిగితే ఏమవుతుందో అని భయమేసింది. పేపరులోకి తల దించుకున్నాను.